మేజర్ వంతు రొట్టె

మేజర్ సుమన్ శత్రువుల చెరలో చనిపోయాడు. అతనితో పాటు చెరలో ఉండి విడుదలైన జవాను మహేందర్ ఈరోజు మిర్యాలగూడ నుంచి సుమన్ ఇంటికి వస్తానన్నాడు. సుమన్ అన్న తులసీరాం మాస్టారు కోదాడ బస్టాండులో పొద్దుటి నుంచి ఒక్కచోట నిలవలేకపోతున్నాడు.

మహేందర్ బస్సు దిగగానే మాస్టారు అతన్ని బతిమాలాడు. "అమ్మ ఒక్కటే అడుగుతది, తిండి పెట్టిన్రా అని. కడుపునిండ పెట్టిన్రని చెప్పు తమ్మీ."

ఇంట్లో సుమన్ తల్లి చాందీ జొన్నరొట్టెలు వడ్డించి అదే అడిగింది. మహేందర్ తల దించుకున్నాడు. మాస్టారికి కూర్చోబుద్ధి కాలేదు.

"పూటకొక్క రొట్టె ఇచ్చేటోళ్లమ్మా. నాకు గాయమైందని సార్ తనది గూడ నాకే పెట్టేటోడు. వద్దంటే ఆర్డరని కసిరేటోడు."

 చాందీ అతని పళ్లెంలో ఇంకో రొట్టె వేసింది.

"గట్ల సూస్తవేంది? వాడు నిలబెట్టిన పానం. తిను బిడ్డా."