బోర్లించిన రాళ్లు

జూన్ నెల శనివారం. బ్రెస్తొవో జలాశయంలో జనం ఈత కొడుతున్నారు. నీళ్లలోకి దిగడానికి ఏడు రాతిమెట్లున్నాయి. పట్నం నుంచి వచ్చిన ఒకాయన మొదటి మెట్టుమీద కాలు పెట్టి, "అబ్బ, ఎంత చల్లగా ఉందో! అచ్చం మా ఆవిడ పలకరింపే" అన్నాడు. అందరూ నవ్వారు. పడవలు అద్దెకిచ్చే వెల్కో మాత్రం నవ్వలేదు.

చదివే మీకు ముందే చెబుతాను. అవి మెట్లు కావు, సమాధి రాళ్లు. యాభై ఏళ్ల క్రితం కరెంటు కోసం ఆనకట్ట కట్టి బ్రెస్తొవో ఊరిని ముంచారు. బతికున్నవాళ్లని లారీలెక్కించారు. చచ్చినవాళ్లకి లారీలు చాలలేదు. ఈ ఏడాది వానల్లేవు, ఉన్న నీళ్లు టర్బైన్లు లాగేశాయి, నీళ్ల నడుమ దిబ్బలా శ్మశానం బయటపడింది. "దీని పక్కన స్నానాలకి ఎవడొస్తాడోయ్? తీసెయ్" అన్నాడు విహారకేంద్రం మేనేజరు. వెల్కో తీశాడు. చదివితే చేతులు ఆడవని, చదవకుండానే మెట్లుగా బోర్లించాడు. ఆ రోజునుంచి వాడు మెట్లు తొక్కడు, పక్కనున్న బురదలోంచి దిగుతాడు. అడిగినవాళ్లతో కాళ్లకి బురద మంచిదంటాడు.

ఆ శనివారం పోయినవాళ్లని తలుచుకునే రోజు. వాడి మేనత్త పెనా, వాళ్ల పేరున పంచడానికి ఉడికించిన గోధుమలు, చెర్రీపళ్లు బుట్టలో పెట్టుకుని బస్సు దిగింది.

"ఒరే వెల్కో, శ్మశానం తేలిందటగా! పడవ తియ్యి. ఇన్నేళ్లూ నీళ్లకే దణ్ణం పెట్టాను, ఇవాళైనా అమ్మ రాయికి పెట్టుకోనీ."

"ఎండగా ఉందత్తా. రేపు పోదాం."

"పెళ్లికీ ఇలాగే రేపు రేపన్నావు, ఆ పిల్ల ఇంకొకణ్ణి కట్టుకుంది. నడు."

ఆమె మెట్టుమీద చెప్పు మోపబోయింది.

"అత్తా, కాలు పెట్టకు!"

ఆ కేకకి ఈదేవాళ్లు కూడా ఆగిపోయారు. పెనా రాయిని చూసింది, మేనల్లుడి మొహం చూసింది.

"తిప్పరా" అంది.

వాడు గడ్డపలుగు తెచ్చి ఒక్కొక్కటే తిప్పాడు. ఆమె వేలితో బురద తుడుస్తూ పైకి చదివింది. రాడ్కా. మితో. మూణ్ణెల్ల ఇలియా. ఏడు పేర్లు. పెనా అమ్మ పేరు లేదు.

"మిగతావేవి?"

వెల్కో నీళ్ల మధ్యకి చూశాడు. ఈతకి హద్దుగా అక్కడ ఎర్ర ప్లాస్టిక్ బుడగలు వరసగా తేలుతున్నాయి. "వాటికి లంగరు రాళ్లు కావాలన్నారత్తా" అన్నాడు. ఒకమ్మాయి ఒక బుడగని కావలించుకుని ఊగుతోంది.

పెనా బుట్ట తెరిచింది. ఇందాక నవ్వించిన పట్నం ఆయన తడి ఒంటితోనే వచ్చి చెయ్యి చాపాడు.

"ఎవరి పేరు మీదమ్మా?"

"స్తోయన్కా. మా అమ్మ."

ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డారు. పిడికెడేసి గోధుమలు పెడుతూ పెనా అంది:

"కరెంటు కోసం ఊరడిగారు, ఇచ్చాం. మీరు ఈదండి, నవ్వుకోండి, వద్దనం. మా పిల్లలూ ఈదుతారు. కానీ ఈ నీళ్లకింద ఎవరున్నారో ఒడ్డున రాసి పెట్టండి. ఊరు పోగొట్టుకున్నవాళ్ల పేర్లు కూడా చెరిపేసి ఆడుకునే ఆట ఆట కాదు బాబూ, రెండోసారి ముంచడం."