ఊబో అన్న మాట

కౌంటరమ్మ తమ్ముడు మూలనున్న పీట మీద సర్దుకుని కూర్చున్నాడు. ఒళ్ళో రిపోర్టు కవర్ల కట్ట పెట్టుకుని, కుడిచెయ్యి సగం దాకా ఎత్తి, గోడమీది స్పీకరు వైపే చూస్తున్నాడు. కౌంటరమ్మ అద్దం తుడిచి, గుడ్డని సొరుగులో పడేసి, కంప్యూటరు ఆన్ చేసింది.

ఆ రక్తపరీక్షల కేంద్రంలో రోజూ పని మొదలయ్యేది ఇలాగే. యంత్రం మేలుకోగానే స్పీకరు బాగుందో లేదో చూసుకోవడానికి ముందు తన పేరు తనే పలుకుతుంది. “ఊబో…” అని. మొదట బావిలోంచి వచ్చినట్టు లోతుగా, చివర గాలిపటంలా పైకి లేచి. అది తమ్ముడి గొంతు. అది వినగానే తమ్ముడు, బళ్ళో హాజరు పలికినట్టు, చెయ్యి పూర్తిగా ఎత్తి దించి, మొదటి కవరు మడత పెడతాడు. పొద్దున్నే వచ్చి కూర్చునే రోగుల్లో కొందరికి ఇది అలవాటే. వాళ్ళూ ఓ నవ్వు నవ్వి చేతులెత్తుతారు.

ఇవాళ స్పీకరు గొంతు సవరించుకుంది. “యూబో సిద్ధంగా ఉంది” అంది, వార్తలు చదివే మనిషిలా.

తమ్ముడి చెయ్యి సగంలోనే ఆగిపోయింది. కౌంటరమ్మ వైర్లు కదిపి చూసింది. యంత్రాన్ని ఆపి మళ్ళీ పెట్టింది. మళ్ళీ అదే వార్తల మనిషి, అదే మర్యాద. ఈలోగా వరసలో ముందున్న ముసలాయన చేతికి కట్టిన కట్టు విప్పుకుంటూ, “ఏమ్మా, మనవాడికి జలుబు చేసిందా?” అన్నాడు. ఆమె నవ్వలేక నవ్వి, ఆయన చీటీ తీసుకుంది.

కౌంటరమ్మకి యాభై దగ్గరపడుతోంది. పొట్టి మనిషి. కళ్ళజోడు దారానికి వేలాడుతూ ఉంటుంది, సాయంత్రానికి చీలమండలు వాస్తాయి. గొంతు బొంగురు. పుట్టుకతో వచ్చింది కాదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో, కిక్కిరిసిన ఆ హాల్లో పొద్దుట్నుంచి సాయంత్రం దాకా రోగుల పేర్లు అరిచి అరిచి తెచ్చుకున్నది. ఒకసారి వారాల తరబడి మాటే పెగల్లేదు. అప్పుడే, కేంద్రంలో కంప్యూటర్లకి వైర్లు వేయడానికి వచ్చిన మనిషి ఆమె సైగలు చూసి జాలిపడి, “చెల్లాయ్, నువ్వు అరవడమెందుకు? దీంతో అరిపిద్దాం” అన్నాడు. అందరూ అతన్ని వైరన్న అనేవారు. ఆమె అన్నయ్యా అనేది.

ఇద్దరూ కూర్చుని నేర్చుకుంటూ కంప్యూటరు ప్రోగ్రాము ఒకటి రాశారు. తప్పులు రాశారు, తిట్టుకున్నారు, మళ్ళీ రాశారు. చీటీలోని పేరు కొడితే స్పీకరు ఆ పేరు పెట్టి పిలుస్తుంది, అదీ దాని పని. ఎవరికీ అమ్మలేదు. ఎవరైనా ఉచితంగా తీసుకోవచ్చు, లోపలి రాతంతా చదువుకోవచ్చు, బాగుచేసి తిరిగి పంపొచ్చు అని ఇంటర్నెట్లో నలుగురి ముందూ పెట్టేశారు. ఊరూ పేరూ తెలియని మనుషులు తీసుకున్నారు, వాళ్ళ వాళ్ళ భాషలు చేర్చారు.

పేరు పెట్టింది మాత్రం ఆమే. తమ్ముడికి పుట్టినప్పట్నుంచీ నోట పలికేది ఒకటే మాట, ఊబో. ఆకలేసినా ఊబో, వానొచ్చినా ఊబో. అమ్మ పోయిన రోజున గుమ్మంలో నిలబడి అన్నదీ అదే. ఏ ఊబో ఏమిటో ఆ ఇంట్లో వాళ్ళకి గొంతు విరుపుని బట్టి తెలిసేది. అన్నిట్లోకీ గొప్పది, తమ్ముడింకా కేంద్రానికి రాని ఆ రోజుల్లో సాయంత్రం ఆమె తలుపు తెరిచేసరికి వినిపించేది. పేరు పెట్టి పిలిచే యంత్రానికి అంతకన్నా ఏం పేరు పెడతాం అంది ఆమె. వైరన్న చప్పట్లు కొట్టాడు. ఓ సాయంత్రం ఆమె కావాలనే బయటికెళ్ళి తలుపు తెరుచుకుని వస్తే, లోపల ఫోను పట్టుకుని నిలబడి ఆ ఊబోని రికార్డు చేసింది వైరన్నే. ఆ శబ్దంలో చెవి పెట్టి వింటే వెనక తలుపు కిర్రుమనడం కూడా వినిపిస్తుంది. పేరు ఎలా పలకాలో చెప్పే పేజీలో అదే పెట్టారు, యంత్రం మేలుకోగానే పలికేదీ అదే. తాను కాలు పెట్టని ఊళ్ళలో, ఎన్నెన్ని ఆసుపత్రుల్లోనో, పొద్దున్నే తమ్ముడి గొంతు లేస్తుందని తలుచుకుంటే ఆమెకి కడుపు నిండినట్టుండేది. నోరు లేనివాడని లోకం అనుకునేవాడు లోకాన్ని నిద్రలేపుతున్నాడు, ఇంకేం కావాలి?

రోగుల రద్దీ కాస్త తగ్గాక ఆమె ఆ పేజీ తెరిచింది. పలకడమెలా అన్న చోట తమ్ముడి శబ్దం లేదు. వార్తల మనిషి ఉంది. కింద కొత్తగా రాసి ఉంది: మూడు ఇంగ్లీషు మాటల మొదటి అక్షరాలు కలిపి ఈ పేరు పెట్టారు, కాబట్టి యూబో అని పలకాలి, ఊబో అనడం తప్పు. పెట్టినవారిగా వైరన్న ఫోటో, సూటు వేసుకుని. అతనిప్పుడు ఓ పెద్ద సంస్థలో ఉన్నాడు. ఆ సంస్థే ఇప్పుడు దీని ఆలనాపాలనా చూస్తోంది.

ఆమెకి ముందు నవ్వొచ్చింది. తరవాత ఆ వాక్యం మళ్ళీ చదివింది.

మొదట్నుంచీ వాళ్ళకి ఒక కట్టుబాటు ఉంది. ఇద్దరిలో ఎవరు ఏ మార్పు చేసినా, రెండోవాళ్ళు అక్షరం అక్షరం చదివి “చూశాను” అని నొక్కితేనే అది బయటికి, అందరి యంత్రాల్లోకీ వెళ్తుంది. ఆ కట్టుబాటు పెట్టింది ఆమే. చదవకుండా నొక్కితే చెయ్యి విరగ్గొడతానని అతన్ని బెదిరించింది కూడా ఆమే. ఈ మార్పు కింద ఎవరు “చూశాను” అన్నారా అని చూసింది. తన పేరే ఉంది.

గుర్తొచ్చింది. ఆ రోజు తమ్ముడికి జ్వరం. ఆమె నుదుటి మీద తడిగుడ్డ మారుస్తోంది. వైరన్న ఫోను చేసి, “చెల్లాయ్, చిన్న చిన్న సర్దుబాట్లు పంపాను, ఓ నొక్కు నొక్కెయ్. మనవాడెలా ఉన్నాడు?” అన్నాడు. ఒళ్ళు కాలిపోతోందంది. “పాపం, చూసుకో” అన్నాడు. అన్నయ్య పంపినదాన్ని అనుమానంగా చదవడమేమిటని, ఈమధ్య ఎప్పుడూ చదవడమే మానేసింది. ఒక చేత్తో తడిగుడ్డ పట్టుకుని రెండో చేత్తో నొక్కేసింది.

మధ్యాహ్నం ఆ సంస్థ నుంచి శిక్షకురాలు వచ్చింది. చక్కటి పిల్ల, చల్లటి మాట, మెడలో గుర్తింపుకార్డు. కొత్తగా వచ్చిన మార్పులు నేర్పాలట. నర్సులనీ, నమూనాలు మోసేవాళ్ళనీ హాల్లో ఓ మూల నిలబెట్టింది.

“ముందుగా పేరు. అందరం ఒకేలా పలికితే బాగుంటుంది కదండీ. యూ… బో.”

“యూబో” అన్నారందరూ, బళ్ళో పిల్లల్లా.

పీట మీంచి తమ్ముడు తలెత్తాడు. “ఊబో” అన్నాడు. ఎవరో తనని పిలుస్తుంటే పలికినట్టు ఆశగా అన్నాడు.

శిక్షకురాలు నవ్వుతూ దగ్గరికెళ్ళి, అతని ఎదురుగా వంగింది. “ఊ కాదు బాబూ, యూ. నా పెదవులు చూడు. యూ…”

తమ్ముడు ఆ అమ్మాయి పెదవులు చూశాడు. తన పెదవులు సున్నాలా చుట్టాడు. మెడనరాలు ఉబ్బాయి. “ఊ…” అన్నాడు. ఆగాడు. మళ్ళీ, “ఊ…”

“పర్లేదు, ప్రయత్నిస్తే వస్తుంది. అందరూ మొదట్లో తప్పే పలుకుతారు.”

“అది వాడి మాటేనమ్మా” అంది కౌంటరమ్మ. గొంతు మామూలు కన్నా బొంగురుగా వచ్చింది. “ఆ పేరు వాడిదే. వాడు తప్పు పలకడమేమిటి?”

శిక్షకురాలు నిటారుగా నిలబడి, సంతోషంగా తలూపింది. “భలేగా అన్నారు మేడమ్! అందరూ ఇలాగే సొంతం చేసుకోవాలని మా సార్ ఎప్పుడూ చెబుతుంటారు.”

నర్సుల్లో సంగతి తెలిసిన పెద్దామె నోరు తెరవబోయింది. కౌంటరమ్మ వద్దన్నట్టు చెయ్యి ఊపింది. ఈ పిల్లతో పోట్లాడి లాభమేమిటి, నేర్పినవాడితో మాట్లాడాలి గానీ. మెట్ల కిందికి వెళ్ళి వైరన్నకి ఫోను చేసింది.

“చెప్పు చెల్లాయ్” అన్నాడు వైరన్న. వెనక ఎవరివో నవ్వులు.

“వాడి గొంతు తీసేశావా అన్నయ్యా?”

అతను నవ్వులకి దూరంగా నడుస్తున్నట్టున్నాడు. “నీకు పంపాను కదా. చూశానన్నావు” అన్నాడు.

“చూడలేదని నీకు తెలుసు.”

అవతల అతను ఏదో తలుపు వేసుకున్న చప్పుడైంది.

“తెలిసే ఆ రోజు పంపావు. వాడికి జ్వరమని చెప్పాక కూడా పంపావు.”

“అలా కాదు. నా మాట విను. పెద్ద ఆసుపత్రుల వాళ్ళు ఆ శబ్దం విని స్పీకరు పాడైందనుకుంటున్నారు. ఓ సభలో పేరెక్కడిదని అడిగారు. ఏం చెప్పను? నోటికొచ్చింది చెప్పేశాను. అదే నిలబడిపోయింది. వాడి సంగతి చెబితే అందరూ అయ్యో పాపం అంటారు. అయ్యో పాపం అన్నవాళ్ళెవరూ దీన్ని వాడరు. మనం కష్టపడింది నలుగురూ వాడాలనే కదా?”

“నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు వాడు నిన్నెలా పిలిచేవాడో గుర్తుందా?”

“ఉంది” అన్నాడు.

“దాన్ని కూడా తప్పని రాయించు, అయిపోతుంది.”

ఫోను పెట్టేసి వచ్చింది. ఆమె ఏడుస్తుందేమోనని చుట్టూ ఉన్నవాళ్ళు చూపు తిప్పుకున్నారు గానీ, ఆమెకి ఏడుపు రాలేదు. పరాయివాడు చేసుంటే తిట్టి పోసేది. వీడు ఆ ఇంట్లో అన్నం తిన్నాడు, తమ్ముడి ఎంగిలి మూతి తుడిచాడు. వీడికి తెలుసు. తెలిసి చేసినదాన్ని ఏం పేరు పెట్టి తిడతారు? ఆమె పాత శబ్దాన్ని మళ్ళీ దాని చోట పెడుతూ ఒక మార్పు రాసి పంపింది. అది బయటికి వెళ్ళాలంటే అతను “చూశాను” అనాలి. చీటీలు తీసుకుంటూ, పేర్లు కొడుతూ, మధ్యమధ్యలో చూసుకుంటూనే ఉంది. వార్తల మనిషి ఒక్క పేరూ తడబడకుండా పిలుస్తోంది. తమ్ముడు తలదించుకుని ఒకే కవరుని మడిచి, విప్పి, మడుస్తున్నాడు. పెదవులు మాత్రం సున్నాలా చుడుతున్నాడు, శబ్దం రాకుండా.

సాయంత్రానికి జవాబు వచ్చింది. “చూశాను. అవసరం లేదు” అని రాసి, ఆమె పంపినదాన్ని మూసేశాడు. కింద తన పేరు. ఈసారి నిజంగానే చదివినట్టున్నాడు.

హాలు ఖాళీ అయింది. కౌంటరమ్మ కళ్ళజోడు తుడుచుకుని, పేజీ చివర, ఈ ప్రోగ్రాము బాగోగులు చూసే కాపలాదార్ల పేర్లున్న చోటికి వెళ్ళి, తన పేరు తీసేసింది. అందుకు ఎవరూ “చూశాను” అనక్కర్లేకపోయింది. పేరు ఊడిపోయిన చోట చిన్న ఖాళీ కూడా మిగల్లేదు, కింది పేరు పైకి జరిగింది.

తరవాత తన పాత కాపీలోంచి ఆ శబ్దాన్ని వెతికి తీసి, ఈ ఒక్క యంత్రంలో పెట్టింది. లోకం ఏమైనా పలుక్కోనీ, ఈ హాల్లో మాత్రం వాడిదే ఉంటుంది అనుకుంది. “ఒరేయ్, ఇటు చూడు” అని మీట నొక్కింది.

“ఊబో…” అంది స్పీకరు. వెనక తలుపు కిర్రుమంది.

తమ్ముడు చెయ్యెత్తలేదు. స్పీకరు వైపు చూడనైనా లేదు. తప్పు చేస్తూ దొరికిపోయినట్టు చుట్టూ చూసి, గబగబా అరచేత్తో నోరు మూసుకున్నాడు.

“నీది తప్పు కాదురా” అంది. “నాన్నా, నీది కాదు. ఆ తప్పు నాది.”

అతను లేచి, సంచీ తగిలించుకుని, తలుపు దగ్గర నిలబడ్డాడు. బస్సులో ఎప్పుడూ కిటికీ పక్కన కూర్చుని, వంతెన రాగానే ఊబో అని నీళ్ళు చూపించేవాడు. వంతెన వచ్చింది, వెళ్ళింది. ఇంట్లో ఆకలేస్తే పళ్ళెం తెచ్చి ఆమె ముందు పెట్టాడు. ఆమె కావాలని బయటికెళ్ళి, కాస్సేపాగి, తలుపు తెరుచుకుని వచ్చింది. తలుపు కిర్రుమంది. తమ్ముడు ఆమెని చూసి నవ్వాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

మర్నాడు పొద్దున అతను చెప్పులు వేసుకోలేదు. పద అంటే తల అడ్డంగా ఊపి, గోడవైపు తిరిగి పడుకున్నాడు. ఎంత బతిమాలినా లేవలేదు. కౌంటరమ్మ పక్కింటామెకి అప్పగించి, ఒక్కర్తే వచ్చింది.

అద్దం తుడిచింది. కంప్యూటరు ఆన్ చేసింది. ఊబో… అని హాలంతా వినిపించింది. వరసలో ఉన్న ముసలాయన అలవాటుగా చెయ్యెత్తి, మూల వైపు చూసి, మెల్లగా దించేశాడు. పీట మీద నిన్నటి కవరు ఒకటి ఉంది. మూడు వైపులా గోటితో నొక్కి మడిచి ఉంది, నాలుగో మడత ఇంకా తెరిచే ఉంది.