మా వారి మీద మసాలా వాసన

మా వారు పొద్దున్న నడక నుంచి తిరిగొస్తే చెమట వాసన రావాలి. మసాలా వాసన వచ్చింది. మొదటి రోజు పక్క ఫ్లాటు వాళ్ళ వంటింటిదేమో అనుకున్నాను. వారం తిరిగేసరికి నా ముక్కు మీద నాకు నమ్మకం కుదిరింది, మొగుడి మీద నమ్మకం సడలింది.

మాది దాల్చినచెక్క గడప దాటి రాని ఇల్లు. పుట్టింట్లోనూ అంతే, అత్తింట్లోనూ అంతే. మసాలా అంటే మాంసం వండుకునేవాళ్ళ సంభారమని మా అత్తగారు తీర్మానించారు. ఆవిడ పోయారు గానీ ఆ తీర్మానం పోలేదు. మా పోపుల పెట్టెలో ఆవాలు, జీలకర్ర, మెంతులు, ఎండుమిరపకాయలు, ఇంగువ. అంతకు మించి ఏ ఘాటు తగిలినా మా ఇంట్లో దానికి ఒకటే అర్థం. ఈ మనిషి ఎక్కడో బిర్యానీ తింటున్నాడు.

తెల్లారకుండా బిర్యానీ ఎవరు పెడతారని అడక్కండి. ఢిల్లీ పక్కన మా వైశాలి మెట్రో స్టేషను కింద ఏ వేళకి ఏం దొరకదో చెప్పడమే కష్టం.

మాంసం తిన్నాడన్న పట్టింపు ఒకటైతే, అసలు భయం వేరు. మా వారు శివరామకృష్ణగారు కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీ. ఉద్యోగంతో పాటే షుగరూ పెరిగింది. నిరుడు ఎడమ కంటి ముందు నల్లగా నూలుపోగేదో తేలుతోందన్నారు. తుడుచుకుంటే పోతుందిలే అనుకున్నాం. వారం తిరక్కుండా కంట్లో రక్తం చిమ్మింది. లేజర్ చేసినా చూపు సగమే మిగిలింది. "రెండో కన్నయినా కాపాడుకోండి, షుగర్ అదుపు తప్పితే నేను చేసేదేమీ ఉండదు" అని డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. ఆ రోజు నుంచి అన్నం కొలత నాది, మాత్రల పూచీ నాది. పూజ కాగానే ఉద్ధరిణెతో తీర్థం, వెనకాలే మాత్ర, గ్లాసుడు నీళ్ళు. తీర్థమూ మాత్రా రెండూ ఆయన కళ్ళకద్దుకుని మరీ పుచ్చుకునేవారు. ఆ తర్వాతే నడక.

ఇంత చేసి కళ్ళను బిర్యానీకి అప్పగిస్తానా? చొక్కాలు వాసన చూశాను, చేతిరుమాళ్ళు వాసన చూశాను. ఉతికిన ప్యాంట్ల జేబులు తిరగేశాను. హోటలు బిల్లు దొరుకుతుందనుకుంటే ట్రాక్‌ప్యాంటు జేబు మూల తెల్లటి చార ఒకటి కనిపించింది. ఈ ఘాజియాబాద్ ఉప్పునీళ్ళలో సర్ఫు కరిగి చస్తేనా అని విసుక్కుని, గోటితో గీకి దులిపేశాను.

"ఏవండీ, దారిలో ఏవైనా తింటున్నారా?" అని అడిగాను.

"నడిచేటప్పుడు ఏం తింటారు సుభద్రా?"

తొణకలేదు, బెణకలేదు. కానీ ఆయన ప్రశ్నకి ప్రశ్న జవాబుగా ఇచ్చే మనిషి కాదు. అడిగిందానికి అవును, కాదు అని ఫైలు మీద రాసినట్టు చెబుతారు. నా అనుమానం ముదిరింది.

ఆదివారం పాలకని చెప్పి వెనకాలే వెళ్ళాను. పార్కులో బెంచీ మీద భీమేశ్వరరావుగారు కూర్చుని ఉన్నారు. ఒకప్పుడు మా వారికి పై అధికారి. రిటైరయ్యాక కూడా మా వారు ఆయన మాటకి ఎదురు చెప్పరు. ఆయన సంచీలోంచి సీసా తీసి మూత తిప్పారు. మా వారు తీర్థానికి పట్టినట్టే చెయ్యి పట్టి, రెండు గొట్టం మాత్రలు పుచ్చుకుని నోట్లో వేసుకున్నారు.

"ఏవిటండీ అది?" అన్నాను ముందుకొచ్చి. మా వారి మొహంలో నెత్తురు చుక్క లేదు.

భీమేశ్వరరావుగారు మాత్రం హాయిగా నవ్వారు. "దాల్చీనీ క్యాప్సూల్సమ్మా. మన దాల్చినచెక్కే. షుగర్‌కి రామబాణం. నేనిప్పుడు మా కాలనీ అందరికీ ఇస్తున్నా."

నాకు నవ్వాగలేదు. ఇన్నాళ్ళూ మాంసం అనుకుని నేను కుతకుతలాడుతుంటే, పాపం ఈయన చాటుగా తింటున్నది చెక్క. "ఇంతోటి దానికి దాచడమెందుకండీ?" అన్నాను.

"మసాలా అంటే గుమ్మం బయట నిలబెడతావని," అన్నారు మా వారు. సబబుగానే అనిపించింది. పైగా ఆ సంతోషంలో కిరాణా కొట్టులో దాల్చినచెక్క నేనే కొన్నాను. అత్తగారి ఫొటో వైపు చూడకుండా టీలో వేశాను.

సాయంత్రం మా అమ్మాయి తేజశ్రీ హాస్టల్ నుంచి వచ్చింది. తెలుగులో అడిగితే హిందీలో జవాబిచ్చే పిల్ల. జరిగింది చెప్పి నవ్విస్తే, అది నవ్వకుండా ఫోనులో ఏదో చదివింది. "మమ్మీ, థోడా ఫాయదా షాయద్ హో. పక్కా నహీ హై. జ్యాదా లేనే సే లివర్ ఖరాబ్ హో సక్తా హై. ఔర్ దవా కీ జగహ్ తో బిల్కుల్ నహీ," అంది. కొంచెం మేలు చేస్తే చెయ్యొచ్చు, అదీ ఖాయం కాదు. మోతాదు మించితే కాలేయానికి చేటు. మందు మానేసి మాత్రం అసలే వాడకూడదట.

"మందెందుకు మానేస్తారే, నా చేత్తో నేనే..." అంటూ ఆగిపోయాను.

నేరుగా వాషింగ్ మెషీను దగ్గరికి వెళ్ళాను. ఉతికిన ట్రాక్‌ప్యాంటు తీసి జేబు తిరగేశాను. మూలలో తెల్లటి ముద్ద. వేలితో తీసి నాలిక మీద పెట్టుకున్నాను. సర్ఫు కాదు. చేదుగా మాత్ర.

తీర్థమూ నీళ్ళూ మింగి, మాత్ర దవడన పెట్టుకునేవారన్నమాట. లిఫ్టులో ఉమ్మి జేబులో వేసుకునేవారన్నమాట. బిర్యానీ కోసం వాసనలు చూస్తూ, దొరికిన సాక్ష్యాన్ని నా గోటితో నేనే దులిపేశాను.

హాల్లో పేపరు చదువుకుంటున్న ఆయన ముందు ఆ జేబు పెట్టాను.

"ఈ మాత్రలు కిడ్నీలు తినేస్తాయన్నారు భీమేశ్వరరావుగారు. అవి మానేసి చూడమన్నారు. షుగర్ తగ్గాక రిపోర్టు తెచ్చి నీకు చూపిద్దామనుకున్నాను," అన్నారు.

"ఎన్నాళ్ళయింది?"

"దీపావళి నుంచి. మొదట్లో పూటకొకటే, ఈ మధ్యే రెండేసి వేసుకోమన్నారు."

హోళీ రంగులు బాల్కనీ గోడ మీద ఇంకా వదల్లేదు. అంటే అయిదు నెలలు. నాకు కోపమూ ఏడుపూ కలిసి ముంచుకొచ్చాయి. ఏదో అనబోయి, ఆయన పేపరు పట్టుకున్న తీరు చూసి ఆగాను. దాన్ని పక్కకి వాల్చి, తల వంచి, అక్షరాలను వెతుక్కుంటున్నట్టు ఉంది.

"కుడి కన్ను ఎలా ఉందండీ?"

ఆయన పేపరు మడిచారు. మడత సరిగ్గా కుదరలేదు. "నాలుగు రోజులుగా నూలుపోగులా ఏదో అడ్డొస్తోంది," అన్నారు. "తుడిస్తే పోవట్లేదు."

తేజశ్రీ అప్పటికే కంటాసుపత్రికి క్యాబు బుక్ చేస్తోంది.

"మీరు నిజంగానే బిర్యానీ తిని వచ్చినా బాగుండేదండీ," అన్నాను.

ఆయన అప్పటికే గుమ్మం దగ్గర చెప్పుల కోసం కాలితో తడుముతున్నారు. నేనే వంగి తొడిగాను.