పైపులో దూది

ప్రేమదాసుకి కోపం ముక్కు మీదే ఉంటుంది. సత్తెనపల్లి దగ్గర పత్తిగింజల నూనె ఫ్యాక్టరీలో అతను ఎలక్ట్రీషియన్. ఆ సీజన్లో కోపమంతా కొత్తగా వచ్చిన ఇంజినీరు శ్రీదుర్గ మీదికి మళ్లింది.

ఆ ఫ్యాక్టరీలో గింజలు ఆడించాక వచ్చే చెక్కలో మిగిలిన నూనెను హెక్సేన్ పోసి లాగుతారు. హెక్సేన్ అంటే పెట్రోలుకి తోబుట్టువే. దాని ఆవిరికి ఒక్క నిప్పురవ్వ చాలు. ఆ ఆవిరి కరెంటు తీగల పైపుల్లో దూరి, స్విచ్చులుండే ప్యానెల్ రూమ్‌కి పాకకుండా మధ్యలో సీల్ వేస్తారు. తీగల్ని విడదీసి, పీచు కూరి, పైన సిమెంటులా గట్టిపడే కాంపౌండ్ పోస్తారు. ఆ పీచు కాస్తా అయిపోయింది. గేటు బయట చూస్తే గింజల లారీలు బారులు తీరాయి. పత్తి పండే ఊళ్లో పుట్టినవాడికి దెబ్బకైనా దిండుకైనా చేతికందేది దూదే. ప్రేమదాసు గుప్పెడు దూది కుక్కి, పైన కాస్త కాంపౌండ్ పోసి చేతులు దులుపుకున్నాడు.

శ్రీదుర్గ సీల్ మూత విప్పి చూసింది. అంచున తెల్లగా ఓ పోగు కనబడింది.

"దాసుగారూ, ఇదేంటండీ?"

"దూదండి. ఏం, ఆగదా?"

"కాంపౌండ్‌లో నీళ్లు పీల్చేస్తుందండీ. పగుళ్లిస్తుంది. పైగా మందం లేదు. కోసేయండి."

"కోస్తే తీగలన్నీ మళ్లీ లాగాలి మేడం! బయట లారీలు చూశారా?"

"చూశానండీ. సరైన సీల్ పడేదాకా మోటారు తిప్పేది లేదు."

గొణుక్కుంటూనే కోశాడు. గుంటూరు నుంచి పీచు వచ్చాక ఆమె పక్కన నిలబడి మరీ పోయించింది. తల నెరిసినవాణ్ణి అందరి ముందూ నవ్వులపాలు చేసిందని, ఆమెతో మాట్లాడటమే మానేశాడు ప్రేమదాసు. ఇంట్లోనూ అదే పాట.

"ఆ గదిలో కూర్చునేది నేనే కదా నాన్నా," అంది కూతురు జాస్మిన్. ప్యానెల్ ఆపరేటర్ ఆ పిల్లే. ఆ మాట అతని చెవికెక్కలేదు.

మిరప కోతల రోజుల్లో ఓ మధ్యాహ్నం హెక్సేన్ పంపు గాస్కెట్ తెగింది. వాసన గుప్పుమంది, సైరన్ మోగింది, అందరూ గేటు వైపు పరుగెత్తారు. జాస్మిన్ మాత్రం మోటార్లన్నీ వరసగా ఆపాకే బయటికి రావాలి. ఆపే ప్రతి స్విచ్చు లోపలా ఓ చిన్న మెరుపు మెరుస్తుంది. ఆ సంగతి బాగా తెలిసిన ప్రేమదాసు గేటు దగ్గర "ప్రభువా, ప్రభువా" అనుకుంటూ ప్యానెల్ రూమ్ వైపే చూస్తూ నిలబడ్డాడు.

జాస్మిన్ తలుపు మూసి, మామూలుగా నడుచుకుంటూ వచ్చింది.

వాసన తగ్గాక శ్రీదుర్గ సీల్‌కి అటూ ఇటూ ఉన్న పెట్టెలు తెరిచి గ్యాస్ మీటరు పెట్టింది. పంపు ఉన్న షెడ్డు వైపు మీటరు గోల పెట్టింది. ప్యానెల్ వైపు సున్నా. తన దూదే గనక అక్కడ ఉండి ఉంటే? ప్రేమదాసు ఆమెకి చేతులెత్తి దండం పెట్టబోయాడు.

"ఊరుకోండి. పోసింది మీ చేతులేగా," అందామె.

ఆ ఆదివారం ప్రేమదాసు ఇంట్లో కృతజ్ఞత కూడిక పెట్టాడు. ముందు వరసలో శ్రీదుర్గని కూర్చోబెట్టాడు. ఉద్యోగం వచ్చినా, బిడ్డ పుట్టినా, జబ్బు నయమైనా పెట్టుకునే ప్రార్థన కూడిక అది. అయ్యగారు బైబిలు తెరిచి అడిగారు.

"దేని గురించి స్తుతి చెల్లిద్దాం దాసూ? ఇంట్లో ఏం జరిగింది?"

ప్రేమదాసు కూతురి వంక చూశాడు. శ్రీదుర్గ వంక చూశాడు.

"ఏం జరగలేదండి అయ్యగారూ," అన్నాడు. "అందుకేనండి."