తాడుకు జోలపాట

"తలారి పెళ్లి" అని పేరు పెట్టి, మొదలు నుంచి చివరిదాకా పాటలతోనే నడిచే నాటకం ఆడితే జనం వస్తారా అని ఆ రోజుల్లో అందరూ అడిగారు. వచ్చారు. మొదటి ప్రదర్శనకి హాలు కిటకిటలాడింది. తెర లేచిన పావుగంటకి ముందు వరసలో పెద్దమనిషి ఒకాయన లేచి, "పెళ్లని పిలిచి శవాల్ని చూపిస్తారా? బుద్ధుందా మీకు?" అని కేకలేసి, భార్యనీ బావమరిదినీ వెంటబెట్టుకుని వెళ్లిపోయాడు. ఆయన్ని అనడానికేం లేదు. కథ అలాంటిది మరి. ఉరి తీసే తలారికి పెళ్లి కుదురుతుంది. చుట్టాలెవరూ రారు. ఆ చేతులతో వడ్డిస్తే అన్నం ఎవరికి దిగుతుంది? చివరికి అతను ఉరి తీసినవాళ్లే ముస్తాబై, మెడల్లో తాళ్లతో సహా వచ్చి, పెళ్లివారిలా బారుగా కూర్చుంటారు. కొత్త పెళ్లికూతురికి వాళ్లే అత్తలూ మామలూ. నవ్వే చోట ఒళ్లు జలదరించేది, ఏడ్చే చోట నవ్వొచ్చేది. అలాంటి నాటకం అంతకుముందు ఎవరూ ఆడలేదు, ఆ తర్వాత ఆడేంత ధైర్యం ఎవరికీ లేకపోయింది.

ముప్పై ఏడేళ్ల తర్వాత ఒక ఆదివారం మధ్యాహ్నం ఆ నాటకం పాటలు వినడానికి మాస్టారింటికి బయల్దేరిన మనిషిని అందరూ గుసగుస అంటారు. అసలు పేరు వేరే ఉంది గానీ దానితో పిలిచినవాళ్లు తక్కువ. పగలు ప్రెస్సులో ప్రూఫులు దిద్దేది, సాయంత్రం తెర పక్కన ముక్కాలి పీట మీద కూర్చుని నటులకి మాట అందించేది. మాట అందించడమంటే వాక్యమంతా చదివి వినిపించడం కాదు. మొదటి మాట ఒక్కటి, అదీ అరక్షణం ముందు, నటుడికి తప్ప ఇంకెవరికీ వినపడకుండా ఊదాలి. మిగతాది వాడే అందుకుంటాడు. అందులో ఆవిడని మించినవాళ్లు లేరు.

"మేడ మీద అటకలో అసలు టేపు దొరికిందే," అన్నారు మాస్టారు ఫోన్లో. నాటకం రాసి, ఆడించినది ఆయనే. ఎనభై రెండేళ్లొచ్చినా గొంతులో ఆ అధికారం పోలేదు. "మా కోడలికి ఈ సౌండు పనే ఉద్యోగం. బూజు దులిపి కొత్తగా చేసింది. మళ్లీ విడుదల చేద్దామనుకుంటున్నాం. అట్ట మీద ఎవరేం పాడారో సరిగ్గా వెయ్యాలి, నువ్వు రావాలి. పెళ్లికూతురు కూడా వస్తోంది."

పెళ్లికూతురంటే అరవై మూడేళ్ల మనిషి. ఆ వేషం వేసిన నాటి నుంచి అదే పేరు, మనవలు పుట్టినా మారలేదు. ఆ పేరు వినగానే గుసగుస ఫోను పెట్టెయ్యబోయింది. రానని చెప్పేద్దామనుకుంది. కానీ ఒక్కసారి, ఆ ఒక్క పాట, తన చెవులతో వినకుండా చావకూడదని కూడా అనుకుంది.

జరిగిందేమిటో చెప్తే గానీ ఈ బాధ అర్థం కాదు. ఆ రోజుల్లో ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్లు. ఒకే దువ్వెన, ఒకే గొడుగు, ఒకరి చీర ఒకరు కట్టుకునేవాళ్లు. పాటలు రికార్డు చెయ్యడానికి స్టూడియో ఒక్కరోజుకే దొరికింది. సాయంత్రానికి ఒక్క పాట మిగిలింది. పెళ్లికూతురు ఉరితాడుని ఒళ్లో పడుకోబెట్టుకుని, పసిబిడ్డని జోకొట్టినట్టు జోకొట్టే పాట అది. పొద్దుట్నుంచీ బొంగురుపోతున్న పెళ్లికూతురి గొంతు సరిగ్గా అప్పుడే మూగబోయింది. మాస్టారూ మిగతావాళ్లూ అప్పటికే మర్నాటి ప్రదర్శన సామాను లారీకి ఎక్కించడానికి వెళ్లిపోయారు. ఉన్నది వీళ్లిద్దరూ, రికార్డు చేసే ఆయనా. "నువ్వు పాడవే, నీకు అక్షరమక్షరం వచ్చుగా. లేకపోతే మాస్టారు నన్ను చంపేస్తారు," అని పెళ్లికూతురు చేతులు పట్టుకుంది. గుసగుస పాడింది. "పరవాలేదులే, నీ పాటే కదా, నీ పేరే ఉండనీ," అని తనే అంది కూడా.

కేసెట్టు బయటికొచ్చాక ఆ ఒక్క పాటే జనం నోళ్లలో నానింది. అట్ట మీద పెళ్లికూతురి పేరు. "గొంతు బాగోకపోయినా ఎంత గొప్పగా పాడావమ్మా," అని మాస్టారు మెచ్చుకుంటే ఆవిడ కుక్కిన పేనులా ఊరుకుంది. సరే, అక్కడిదాకా గుసగుస ఓర్చుకుంది. మూడేళ్ల తర్వాత ఒక సన్మానంలో, ప్రతి చరణానికీ ముందు ఆ చిన్న నిట్టూర్పు ఎలా తట్టిందని ఎవరో అడిగితే, పెళ్లికూతురు కళ్లు మూసుకుని, "అది లోపల్నుంచి వచ్చింది," అంది. సొమ్మొకడిది సోకొకడిది! గుసగుస ఉండబట్టలేక నలుగురిలో "ఆ పాట పాడింది నేను," అనేసింది. పెళ్లికూతురు గలగలా నవ్వింది. "అన్ని పాటలూ తనే అందిస్తుంది కదా, పాపం, అన్నీ తనే పాడినట్టు ఉంటుంది దానికి," అంది.

ఆ "పాపం" ఉంది చూశారూ, అదే గుచ్చుకుంది. గుసగుస ఆ రోజే గది ఖాళీ చేసింది. మళ్లీ ఆ పీట మీద కూర్చోలేదు. ఆ కేసెట్టు ఇంట్లోకి రానివ్వలేదు, ఎక్కడైనా ఆ పాట మోగితే లేచి బయటికెళ్లిపోయేది. ఇంట్లో చెప్పుకుంటే మొగుడు "సరేలే" అన్నాడు, కూతురు "అబ్బో" అంది. ఏళ్లు గడిచేకొద్దీ ఆవిడకే అనుమానం పట్టుకుంది. నిజంగా నేనే పాడానా? లేక అది అన్నట్టు, పాడినట్టు అనిపించిందా?

మాస్టారింటి ముందుగదిలో నలుగురే ఉన్నారు. తలారి వేషం వేసిన ఆయన ఇప్పుడు పొట్ట పెరిగి, సోఫాలో సగం ఆక్రమించుకుని టీ తాగుతున్నాడు. కిటికీ పక్క కుర్చీలో పెళ్లికూతురు. జుట్టు పూర్తిగా నెరిసింది, మోకాళ్లకి పట్టీలు. గుసగుసని చూసి సగం లేచి, మళ్లీ కూర్చుంది. గుసగుస, ఆవిడ తన కంటపడనట్టే వెళ్లి ఎదుటి మూల కూర్చుంది.

కోడలు మీట నొక్కింది. ఎంత మంచి స్పీకర్లో! చచ్చినవాళ్ల బృందగానం గదంతా నిండింది. ఎవరో దగ్గడం, పాదాలతో తాళం వెయ్యడం, హార్మోనియం మెట్టు ఒకటి బిగుసుకుని కీచుమనడం, అన్నీ వినపడుతున్నాయి. తలారి తన పాటకి తనే తలూపుతూ, "అబ్బ, ఇంత సన్నగా ఉండేదా నా గొంతు!" అన్నాడు. "గొంతొక్కటేనా?" అన్నారు మాస్టారు. అందరూ నవ్వారు. గుసగుసకి ఆ చెక్క వేదిక వాసన, పౌడరు వాసన ఒక్కసారిగా ముక్కుకి తగిలాయి. ఎంత బాగుండేవి ఆ రోజులు! ఆకలేసేది, నిద్ర చాలేది కాదు, అయినా ఎంత బాగుండేవి!

జోలపాట మొదలైంది.

ముందుగా ఊదినట్టు ఒక చిన్న మాట. "నిద్రపోవే..." వెంటనే పాట:

నిద్రపోవే తాడు తల్లీ, నీకూ అలుపొచ్చిందా?

మళ్లీ "నిన్న..." అని చెవిలో చెప్పినట్టు ఒక మాట, ఆ తర్వాత:

నిన్న మోసిన మెడ ఎవరిదో నీకైనా గుర్తుందా?

ప్రతి చరణానికీ అంతే. కేసెట్టులో ఊపిరిలా, నిట్టూర్పులా వినపడిందంతా ఇప్పుడు విడివిడిగా మాటలై వినపడింది. పాట అయిపోయింది. కోడలు మీట నొక్కి ఆపింది.

"ఈ గొణుగుడు గురించే అడుగుదామనుకున్నా మామయ్యగారూ. తీసెయ్యమంటే తీసేస్తాను, పాట శుభ్రంగా ఉంటుంది."

"ఎవరో మాట అందిస్తున్నారు," అన్నాడు తలారి. కప్పు కింద పెట్టాడు. "కానీ రెండూ ఒకటే గొంతు కదా?"

అక్కడున్నవాళ్లందరూ రంగస్థలం మీద బతికినవాళ్లు. పాడేవాళ్లెవరూ తమకి తాము మాట అందించుకోరు. ఏళ్ల తరబడి పక్కన కూర్చుని ఊదడం అలవాటైన మనిషి, కంగారులో, మైకు ముందు నిలబడి, తనకి తనే ఊదుకుంటే తప్ప. మాస్టారు మెల్లిగా గుసగుస వైపు తిరిగారు.

ఈ ఘడియ కోసం గుసగుస దారిపొడుగునా ఎన్ని మాటలు కూర్చుకుందో! నేనే, నాకు పిచ్చి లేదు, నేనే పాడాను, విన్నారా అని అరుద్దామనుకుంది. కూర్చున్న చోటే ముందుకి జరిగింది.

"తియ్యకమ్మా," అంది పెళ్లికూతురు కోడలితో. "అది దాని పాట. మొత్తం అదే పాడింది. నా గొంతు పోయింది ఆ రోజు." చీర కొంగు వేలికి చుట్టుకుంటూ గుసగుస వైపు తిరిగింది. "కేసెట్టు వచ్చాక స్టేజి మీద పాడితే జనం ఒప్పుకోలేదే. ఆ నిట్టూర్పు ఏదీ అని అడిగేవాళ్లు. అద్దం ముందు నిలబడి నేర్చుకున్నా. పాతికేళ్లు ఎక్కడ పాడినా నువ్వు ఊదినట్టే ఊది పాడాను. ఒక్కరోజు కూడా నాదైన తీరు నాకు రాలేదు."

గుసగుసకి ముందు నవ్వొచ్చింది. "దొంగతనమైనా ఇంత శ్రద్ధగా చేశావన్నమాట!" అంది. ఆ వెంటనే కోపం ముంచుకొచ్చింది. అది తను ఇన్నాళ్లూ దాచుకున్న కోపం కాదు, వేరేది. "పాట ఎవడిక్కావాలే? అడిగితే ఇచ్చాను కదా! నా పెళ్లికి నువ్వు లేవు. మా అమ్మ పోయిన రోజు ఎవరి భుజం మీద ఏడవాలో తెలీక వంటింట్లో నిలబడిపోయాను. నీ పిల్లల మొహాలు నాకు తెలీవు. పాటతో పాటు మనిషివి నువ్వు కూడా ఎందుకు పోయావే?"

"నువ్వు పిలవలేదు."

"పిలిస్తే వచ్చేదానివా?"

"లేదు," అంది పెళ్లికూతురు. "సిగ్గుతో చచ్చేదాన్ని. ఏ మొహం పెట్టుకుని వస్తాను?"

మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకుంటూ, తనకి ఇన్నేళ్లూ చెవులు లేకపోయాయని తనని తనే తిట్టుకున్నారు. అట్ట మీద పేరు మార్చి వేస్తానన్నారు. గుసగుస తలూపింది గానీ ఆ మాట విన్నదో లేదో తెలీదు. పేరు కోసం కాదు తను వచ్చిందని ఆవిడకి అప్పుడే తెలుస్తోంది.

వెళ్లేటప్పుడు గుమ్మం దగ్గర ఇద్దరూ ఒకేసారి చెప్పుల కోసం వంగారు. పెళ్లికూతురికి మోకాళ్లు వంగకపోతే గుసగుసే ఆవిడ చెప్పులు ముందుకి జరిపింది.

"ఇప్పుడెక్కడుంటున్నావే?" అంది పెళ్లికూతురు.

గుసగుస చెప్పింది. పెళ్లికూతురు గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తనుండేది అక్కడికి రెండు వీధుల అవతలేనంది. పదకొండేళ్లుగా ఇద్దరూ ఒకే దుకాణంలో మోకాళ్ల మందు కొంటున్నారు.

అప్పుడు ఏడ్చింది గుసగుస, వీధిలో వెళ్లేవాళ్లు ఆగి చూసేలా.