ఏడో సూది

ఆ వీధిలో ఆమెను అందరూ బొంతల పెద్దమ్మ అనే పిలుస్తారు. ఇంటింటి పాత బట్టలూ ఆమె చేతికే చేరతాయి. మాసిన చొక్కాలు, చిరిగిన దుప్పట్లు, పిల్లలకు పొట్టివైపోయిన గౌన్లు. వాటిని ఉతికి, ఆరేసి, అరచేయంత ముక్కలుగా కత్తిరించి, ముక్కకు ముక్క అతికి, లోపల రెండు పొరల మెత్తటి గుడ్డ పరిచి, అడుగున అస్తరు వేసి, వరస తర్వాత వరస కుట్టుకొస్తే బొంత అవుతుంది. అత్తా కోడలూ ఎదురెదురుగా కూర్చుని చెరో కొస నుంచీ కుడతారు. నలభై ఏళ్ళుగా ఒకటే పద్ధతి. మొదలుపెట్టే ముందు దేవుడికి దణ్ణం, ఏడు సూదుల లెక్క. పూర్తయ్యాక మళ్ళీ ఏడు సూదుల లెక్క, దేవుడికి దణ్ణం.

ఆ పొద్దున కొత్త బొంతకు కూర్చోబోతూ దణ్ణం పెట్టుకుని, సూదులు గుచ్చే చిన్న దిండును ఒళ్ళోకి తీసుకుంది. ఆరే ఉన్నాయి.

మళ్ళీ లెక్కపెట్టింది. దిండును తిరగేసి నొక్కి చూసింది. చాప దులిపింది. చాప కింది దుమ్మును కాగితంలోకి ఊడ్చి వేళ్ళతో కెలికింది. ఆరే.

 కిందటి బొంత ఇచ్చి మూడు రోజులైంది. అది వీధి చివరింట్లో రెండు నెలల పసిపిల్ల కింద ఉంది.

ఎలా జరిగిందో ఆలోచించుకోనక్కర్లేదు. చివరి అంచు మడిచి కుడుతుండగానే ఆ పసిపిల్ల నాయనమ్మ వచ్చి గుమ్మంలో కూర్చుంది. "ఇంకా కాలేదా వదినా? దీని పెళ్ళినాటికి అందిస్తావా ఏమిటి?" అని నవ్వింది. ఆ హడావిడిలో అంచు ముగించి, మడతపెట్టి చేతిలో పెట్టేసింది. ఆవిడ అటు వెళ్ళగానే కోడలు అడిగింది. "అత్తయ్యా, సూదులు చూసుకున్నారా?"

"నువ్వు పుట్టకముందు నుంచీ కుడుతున్నానమ్మాయ్. నాకు లెక్కలు నేర్పుతావా? అన్నీ ఉన్నాయి పో."

చూడలేదు. చూడకుండానే అన్నీ ఉన్నాయంది.

"ఏమైందత్తయ్యా?" వంటింట్లోంచి కోడలు తొంగిచూసింది.

"ఏం లేదు. చివరింటిదాకా వెళ్ళొస్తా." చెప్పుల్లో కాళ్ళు దూర్చి బయటపడింది. దిండు చాప మీదే ఉండిపోయింది.

నడుస్తూ దేవుణ్ణి తలుచుకుంది. ఆ పిల్లకు ఏమీ కాకూడదు తండ్రీ అనుకుంది. పది అడుగులు వేశాక రెండో కోరిక దానంతటదే నోటికొచ్చింది. ఆ సూది నాది కాకుండా చూడు. తమ ఇంట్లో కుట్టేది ఇద్దరే కదా, ఆమెది కాకపోతే మరి ఎవరిది కావాలి? ఆ సంగతి తట్టగానే సిగ్గేసింది. ఇలాంటివి కూడా ఆయన వింటాడా, వింటే ఏమనుకుంటాడు? అయినా ఆ కోరికను వెనక్కి తీసుకోలేకపోయింది.

నాయనమ్మ వరండాలో పిల్ల గుడ్డలు ఆరేస్తోంది. "రా వదినా, రా! నీ బొంత మీద మా మహారాణి హాయిగా పడుకుంటుందనుకున్నాం. రెండ్రోజుల నుంచి దానికీ నిద్ర లేదు, మాకూ లేదు. పడుకోబెడితే చాలు, ఒకటే ఏడుపు. డాక్టరు కడుపునొప్పని చుక్కల మందు రాశాడు."

పెద్దమ్మ మెట్టు దగ్గరే ఆగింది. "అంచు ఒకచోట కుట్టు వదిలినట్టు అనుమానం వదినా. ఒకసారి ఇలా ఇస్తే…"

"నీ కుట్టా? నా పళ్ళూడతాయేమోగానీ నీ కుట్టు ఊడదు!"

లోపల్నుంచి పిల్ల తల్లి పిలిచింది. "పెద్దమ్మా, మీరైనా చూడండి. దోమలు ఎలా కుట్టాయో." మంచం మీద పిల్లను కాస్త పక్కకు తిప్పింది. తొడ మీద రెండు ఎర్రటి చుక్కలు.

ఇక అబద్ధం నోట్లో నిలవలేదు. "ముందు పిల్లని ఎత్తుకోమ్మా! ఎత్తుకో! ఆ బొంతలో సూది ఉండిపోయింది."

తల్లి పిల్లను గుండెకు హత్తుకుని గోడ దాకా వెనక్కి జరిగింది. నాయనమ్మ చేతిలో తడిగుడ్డ నేలమీద పడింది. 

బొంతను వరండాలో పరిచారు. పెద్దమ్మ అరచేత్తో అంగుళం అంగుళం తడిమింది. నాలుగు పొరల గుడ్డలో ఏమీ చేతికి తగల్లేదు. విప్పడం తప్ప దారి లేదు. ఒక కొసన కూర్చుని మొదటి కుట్టు తెంపింది. అంతలో గేటు చప్పుడైంది. కోడలు వస్తోంది, చేతిలో కత్తెర, బ్లేడు. చాప మీది ఆరు సూదులనూ తనూ లెక్కపెట్టుకున్నట్టుంది. వచ్చి ఎదుటి కొసన కూర్చుంది. అలవాటైన చోటే.

పదిహేను రోజుల కుట్టు పూటలో విడిపోయింది. ఊడిన ముక్కలను నాయనమ్మ ఒక్కొక్కటే ఏరుకుంటోంది. గళ్ళ చొక్కా ముక్క చేతికొచ్చినప్పుడు దాన్ని మోకాలి మీద పెట్టి సాపు చేసింది. అది పోయిన భర్తది.

నాలుగో మూల మడతలో సూది దొరికింది. నొక్కితేనే మొన పైముక్కలోంచి నువ్వుగింజంత బయటికొస్తోంది. పిల్ల తల్లి అది చూసి, లోపలికెళ్ళి డాక్టరు దగ్గరికి వెళ్ళడానికి చెప్పులు వెతుక్కుంది.

సూదికి దారం ఇంకా ఉంది. దారం చివర మూడు మెలికల ముడి. కోడలు వేసేది రెండు మెలికల ముడే. ఆ సంగతి అక్కడున్న వాళ్ళలో ఇద్దరికే తెలుసు.

"ఎవరిదిది?" అంది నాయనమ్మ. గొంతులో ఇందాకటి నవ్వు లేదు.

పెద్దమ్మ నోరు తెరిచేలోగా కోడలు అందుకుంది. "నాదేనండీ. నేనే మర్చిపోయాను."

ఆమె తెరిచిన నోరు అలాగే మూతపడింది.

"కళ్ళు నెత్తిన పెట్టుకుని కుట్టావా? కడుపున ఒక కాయ కాస్తే తెలుస్తుంది నీకు." నాయనమ్మ మాటలు కోడలి మీద పడుతూనే ఉన్నాయి. ఆ అమ్మాయి తల వంచుకుని ముక్కలు మూటగడుతోంది. "చూడు వదినా, ఇందులో మా ఆయన బట్టలున్నాయి, పారెయ్యలేను. మళ్ళీ కుట్టు. కానీ ఈ అమ్మాయి చెయ్యి దీని మీద పడకూడదు. వీధిలో ఇంకెవరి బొంత మీదా పడనివ్వనని చెప్పు."

ఆమె తలాడించింది. అవునని తలాడించింది.

మూట కోడలి చంకలో ఉంది. ఇద్దరూ నాలుగిళ్ళు దాటారు.

"ఎందుకలా అన్నావే?"

"ఆవిడ మిమ్మల్ని అలా దులిపేస్తుంటే నేను వినలేనత్తయ్యా. మీది నలభై ఏళ్ళ పేరు. నాదేముంది? రెండ్రోజులు అనుకుని మర్చిపోతారు."

"పసిపిల్ల సంగతి ఎవరూ మర్చిపోరు," అంది ఆమె.

పొద్దున దారిలో అడిగింది అడిగినట్టే జరిగింది. సూది ఆమెది కాకుండా పోయింది. అడిగిందల్లా ఇచ్చిన దేవుణ్ణి ఏమనాలో ఆమెకు తెలియలేదు. ఆయన ఇచ్చాడా, తను లాక్కుందా? రోడ్డు మధ్యలో ఆగిపోయింది.

"ఆ మూట ఇలా ఇవ్వు."

"ఎందుకు? ఎక్కడికత్తయ్యా?"

ఆమె మూట తీసుకుని వెనక్కి నడిచింది. చివరింటి వరండాలో నాయనమ్మ ఇంకా దారప్పోగులు ఊడుస్తోంది.

"సూది నాది వదినా. ఆ ముడి నేను వేసేది. ఆ రోజు కోడలు లెక్క చూడమంది. నేను చూడకుండానే ఉన్నాయన్నాను."

నాయనమ్మ చీపురు ఆపింది. "ఇందాక నోరెక్కడ పెట్టుకున్నావ్?"

"భయమేసింది."

"నా మనవరాలికి తగలరానిచోట తగిలుంటే?"

ఆమె మూటను నాయనమ్మ ముందు పెట్టింది.

"మరి ఇప్పుడు దీన్ని ఎవరు కుడతారు?"

"నీకిష్టమైతే కోడలు కుడుతుంది. నేను ముట్టుకోను."

నాయనమ్మ మూట విప్పి గళ్ళ ముక్కలు రెండూ తీసి పక్కన పెట్టుకుంది. "ఇవి నా దగ్గరుండనీ. మిగతావి తీసుకెళ్ళండి. కుట్టాక పిల్ల కింద వేస్తానో లేదో నేను చెప్పలేను." వెనకే వచ్చి గేటు దగ్గర నిలబడ్డ కోడలి వైపు ఒకసారి చూసింది. లోపలికి వెళ్ళిపోయింది.

ఇంటికొచ్చాక ఆమె ఏడో సూదిని దిండుకు గుచ్చి కోడలి చేతికిచ్చింది. "పైకి లెక్కపెట్టు. నాకు వినపడేలా."

కోడలు చాప మీద కూర్చుని ఒకటి, రెండు, మూడు అని మొదలుపెట్టింది. ఆమె ఎదురుగా, తన పాత చోట్లోనే కూర్చుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.