స్టెప్నీ బరువు

డ్రైవరు జీపు ఎడమ వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని టైరు గాడిలో అగ్గిపుల్ల నిలబెట్టాడు. గాడి లోతు ఎంతుందో చూడడానికి. పుల్ల దాదాపు మొత్తం బయటే ఉంది. తర్వాత బొటనవేలితో తడిమాడు. ఈ మధ్య ఆయన కంటికన్నా వేలినే నమ్ముతున్నాడు. ఆరోగ్య కేంద్రం ముందు ఇరవై ఆరేళ్లుగా ఆయన పొద్దున్నే చేసే మొదటి పని ఇది. నాలుగు చక్రాల చుట్టూ తిరుగుతాడు, ప్రతి టైరునూ నొక్కుతాడు, గాడుల్లో ఇరుక్కున్న రాళ్లను మేకుతో తీసి పారేస్తాడు.

ముందు చక్రాల బయటి అంచులు గరుకు తేలాయి. అది ఆయన నడపడంవల్ల వచ్చిన అరుగుదల కాదు, అక్కడి నర్సు సిస్టరుది. మలుపు దగ్గర ఆలస్యంగా తిప్పుతుంది, తిప్పాక గట్టిగా తిప్పుతుంది.

ఇక బండి తోలొద్దని కళ్ల డాక్టరు రాసిచ్చి రెండు నెలలైంది. ఆ కాగితం చూసి ఆఫీసు ఆయన్ని ఇంటికి పంపడానికి ఒప్పుకుంది. ఆయన స్థానంలో మరొకర్ని వేయడానికి ఒప్పుకోలేదు. సిస్టరే నేర్చుకుని నడుపుకోవాలంది. ఆ రెండు నెలలూ ఆయన పక్క సీట్లో కూర్చుని నేర్పాడు. పోట్లాడగా పోట్లాడగా ఆఫీసు ఒక సెట్టు టైర్లకు డబ్బిచ్చింది, స్టెప్నీతో కలిపి అయిదు. ఏవి కావాలో డ్రైవరు ఎంచుకోవచ్చు. పనిలో ఆయనకు ఇదే ఆఖరి రోజు.

సిస్టరు మందుల పెట్టె వెనక సీట్లో పెట్టి స్టీరింగు ముందు కూర్చుంది. ఆమె తల ఆయన భుజం దాకా వస్తుంది. సీటు ఎంత ముందుకు జరిపినా వీపు వెనక దిండు ఉండాల్సిందే. ఆసుపత్రి లోపల ఆయన ఆమెను మీరు అంటాడు. స్టీరింగు దగ్గర నువ్వు అంటాడు. ఈ తేడా ఎప్పుడు మొదలైందో ఇద్దరికీ గుర్తులేదు.

టైర్ల షాపులోకి అడుగుపెట్టగానే ఆమె తిన్నగా బురదలో నడిచే మడ్ టైర్ల దగ్గరకు వెళ్లింది. ఒక్కో గుబ్బ అగ్గిపెట్టెంత ఉంది. పోయిన వానల్లో వాగు దాటుతూ జీపు కూరుకుపోయింది. నొప్పులు పడుతున్న మనిషిని ఆమె చెయ్యి పట్టుకుని మోకాటిలోతు నీళ్లలో నడిపించింది. ఆ రోజునుంచీ ఆమె మనసు ఈ టైర్ల మీదే ఉంది.

"వీటితో గోడైనా ఎక్కేయొచ్చు మేడమ్" అన్నాడు షాపు ఓనరు.

"మా పేషెంట్లు గోడ మీద ఉండరు" అన్నాడు డ్రైవరు.

రోడ్డు టైర్లు వద్దని ముగ్గురూ ఒప్పుకున్నారు. అవి తేలికే గాని బురదలో నిలవవు. మిగిలినవి మూడు రకాలు. మడ్ టైరు ఒకటి. రోడ్డుకూ రాళ్లకూ పనికొచ్చే ఆల్ టెరైన్ రకాలు రెండు: ఒకటి లోపల పొరలెక్కువ, మందం, రెండోది పొరలు తక్కువ, కొంచెం మెత్తన. డ్రైవరు పట్టు గురించి అడగలేదు, మన్నిక గురించి అడగలేదు. మూడింటినీ ఒక్కోటి చొప్పున రిమ్ముకు ఎక్కించి నేల మీద పెట్టమన్నాడు. ఓనరు గొణుక్కుంటూనే ఎక్కించాడు.

డ్రైవరు సిస్టరు వైపు తిరిగాడు. "ఎత్తు."

"ఏంటి బాబాయ్?"

"జీపు వెనక తలుపుకి ఇది తగిలించి ఉంటుంది. పంక్చరైతే నువ్వే దించాలి, నువ్వే ఎక్కించాలి. ఎత్తి చూపించు."

ఆడమనిషి చక్రం ఎత్తడమేంటని ఓనరు నవ్వాడు. ఫోను చేస్తే మనిషి వస్తాడన్నాడు. పై ఊళ్ల దారిలో ఫోను పలకదని డ్రైవరు చెప్పాడు.

ఆమె పంతంకొద్దీ మడ్ చక్రాన్నే ముందు పట్టుకుంది. మోకాళ్ల దాకా లేపింది. అక్కడ జారి కాలి పక్కన పడింది. ఆయన నవ్వలేదు. ముందుకు వచ్చి సాయం చెయ్యనూ లేదు. తర్వాత పొరలెక్కువ ఉన్నదాన్ని ఎత్తింది, మొహం కందిపోయింది. "ఇది వచ్చింది చూశావా, ఇది తీసుకుందాం" అంది.

"మళ్లీ ఎత్తు."

ఎత్తింది.

"ఇంకోసారి."

"నన్నేమన్నా కూలికి పెట్టుకున్నావా బాబాయ్?"

"ఇప్పుడు టిఫిను తిని ఎత్తుతున్నావు. రోజంతా తిరిగి, వానలో తడిసి, చేతులు చల్లబడ్డాక ఎత్తాలి."

మూడోసారి చక్రం నేలను వదల్లేదు.

ఆయన అలా ఎందుకు పట్టుబట్టాడో ఆమె అడగలేదు. అడిగినా చెప్పేవాడు కాదు. పనిలో చేరిన మూడో ఏడు, ఆ దారిలోనే పంక్చరైంది, చక్రం నట్లు అంతకుముందే ఎవరో మిషనుతో బిగించి వదిలేశారు. విప్పడానికి ఆయన ఒక్కడే ఉన్నాడు. అప్పుడు మంచి వయసు, ఒళ్లంతా బలమే. అయినా ఒక నట్టు రాలేదు. నాలుగు గంటల తర్వాత కట్టెల లారీ వచ్చింది. వెనక సీట్లో పాము కరిచిన మనిషి అప్పటికే పోయాడు. ఆ మనిషి భార్య నీళ్లు కావాలా అని ఈయన్నే అడిగింది. ఆ మాట ఆయన ఇంటావిడకు కూడా చెప్పలేదు.

పొరలు తక్కువున్న మూడో రకం చక్రాన్ని ఆమె నాలుగుసార్లు ఎత్తింది. అయిదోసారికి ఆయన నేల మీద చతికిలబడి, పాదాలు రెండూ చక్రం కిందికి తోసి, కాళ్లతో లేపి చూపించాడు. "చేతులు దారి చూపిస్తే చాలు, బరువు కాళ్లు మోస్తాయి. పాడైన చక్రాన్ని మళ్లీ తలుపుకి తగిలించకు. లోపల పడెయ్." ఆమె కూడా చీర కుచ్చిళ్లు దోపుకుని నేల మీద కూర్చుంది. చక్రం లేచింది.

"ఇవి అయిదు" అని ఓనరుకు చెప్పాడు.

ఫిట్టరు నట్లు బిగించే గాలి మిషను అందుకున్నాడు. డ్రైవరు అతని మణికట్టు పట్టుకుని, చేత్తో బిగించమన్నాడు. అయిపోయాక సిస్టరు చేతికి స్పానరిచ్చి విప్పమన్నాడు. నాలుగు నట్లు కదిలాయి. అయిదోదానికి ఆమె స్పానరు మీదెక్కి నిలబడింది. అది కదల్లేదు. ఆయన ఆ నట్టు వైపు చాలాసేపు చూశాడు. తర్వాత వాచీ చూసుకుని, పై ఊళ్లకు ఆలస్యమవుతోందన్నాడు.

మధ్యాహ్నం వాగు దగ్గర ఆపించి పట్టు కోసం టైర్లలో గాలి కొంత తీయించాడు. గులకరాళ్ల మీద జీపు కొంచెం పక్కకు జారింది. ఆమె మొహం మాడ్చుకుంది.

"మడ్ టైర్లైతే జారేవి కాదు."

"ఇవి జారతాయి. జారినప్పుడు తొక్కకు, కాలు తియ్యి. అవే పట్టుకుంటాయి."

కాలు తీసింది. జీపు నిలదొక్కుకుని ఒడ్డెక్కింది. తిరుగు ప్రయాణంలో మూడు మలుపులు ఆమె ముందుగానే తిప్పింది. ఆయన తప్పు పట్టకపోవడం ఆ రెండు నెలల్లో అదే మొదటిసారి.

సాయంత్రం ఆయన ఇంటి సందు మొదట్లో దింపింది. ఆయన చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి నాలుగూ నొక్కాడు. ఆమె కిటికీలోంచి తల బయటపెట్టి, రేపు కూడా వచ్చి నొక్కిపొమ్మంది.

"రేపట్నుంచి నీ వేలు నీకుందిగా" అన్నాడు. సందులోకి నడిచాడు.

కొత్త చక్రాలకు మొదటి పంక్చరు వానలు మొదలైన రెండో వారంలో పడింది. అప్పటికి ఆయన పోయి ఇరవై రోజులైంది. నిద్రలోనే పోయాడని ఇంటావిడ చెప్పింది. అంతకు ముందు వారం ఒక పొద్దున ఆయన జీపు దగ్గర కనిపిస్తే, చక్రాలు నొక్కడానికి వచ్చాడనుకుంది సిస్టరు.

వెనక సీట్లో నిండు చూలాలు, ఆమె అత్త ఉన్నారు. సిస్టరు వానలో దిగింది. స్టెప్నీ దించింది. నాలుగు నట్లు వదులు చేసింది. అయిదోది రాలేదు. స్పానరు మీదెక్కి నిలబడినా రాలేదు. సుత్తిలాంటిది ఏదైనా ఉంటుందేమోనని డ్రైవరు సీటు కింద, ఆమె ఎప్పుడూ చెయ్యి పెట్టని మూలకు, చెయ్యి చాపింది. గోనెపట్టాలో చుట్టిన ఇనుప గొట్టం తగిలింది. స్పానరు పిడికి తొడిగితే అతికినట్టు సరిపోయింది. పిడి పొడవు రెండింతలైంది. రెండు చేతులతో కొస నొక్కగానే నట్టు కిర్రుమని తిరిగింది. జాకీ ఎక్కించి, పంక్చరైన చక్రం లాగేసి, బురదలో కూర్చుని స్టెప్నీని కాళ్లతో లేపింది.

ఆసుపత్రికి చేరాక, బిడ్డ పుట్టాక, చేతులు కడుక్కుని ఆమె మళ్లీ జీపు దగ్గరకు వచ్చింది. గొట్టం ఇంకా ముందు సీట్లోనే ఉంది. మూరన్నర పొడవు. ఒక కొస గరుకు లేకుండా ఆకురాయితో రుద్ది ఉంది. రెండో కొసకు పాత ట్యూబు రబ్బరు చుట్టి తీగతో బిగించి ఉంది, ఆమె రెండు పిడికిళ్లు పట్టేంత మేర.